బీటెక్ తర్వాత నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు: చేసినవాళ్లు ఉంటే చెప్పండి

ప్లేనో_పద్మ
అందరికీ నమస్తే. నాది 2013 బీటెక్, ఈసీఈ. హెచ్4 ఈఏడీ (హెచ్1 వాళ్ల భార్యాభర్తలకిచ్చే వర్క్ పర్మిట్) మీద ఆరేళ్లు టెస్టింగ్ చేశాను. మార్చిలో ఉద్యోగం పోయింది. మళ్లీ ఆ ఇంటర్వ్యూల జోలికి పోబుద్ధి కావడం లేదు. నర్సింగ్ డిగ్రీ లేనివాళ్లని కూడా మాస్టర్స్‌లోకి తీసుకుని మూడేళ్లలో నర్స్ ప్రాక్టీషనర్‌ని (ఎన్‌పీ, పేషెంట్లని చూసి మందులు రాసే నర్సు) చేసే డైరెక్ట్ ఎంట్రీ కోర్సులకి అప్లై చేద్దామనుకుంటున్నాను. కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ 1, 2, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ అయిపోయాయి. అనాటమీ 2లో బీ వచ్చింది.

అడగాల్సినవి మూడు. ఏ కాలేజీ మంచిదో ఎలా తేల్చుకోవాలి? బీటెక్‌లో నాకు 63 శాతమే, దాన్ని ఇక్కడి జీపీఏలోకి మారిస్తే నిలబడుతుందా? మా బాబుకి నాలుగేళ్లు, క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర శిక్షణ) మొదలైతే ఇల్లు ఎలా నడుస్తుంది? ఏబీఎస్‌ఎన్ (వేరే డిగ్రీ ఉన్నవాళ్లకి త్వరగా అయ్యే నర్సింగ్ బ్యాచిలర్స్) చేసి, రెండేళ్లు హాస్పిటల్ ఫ్లోర్ మీద బెడ్‌పాన్లు మార్చి, అప్పుడు ఎన్‌పీకి వెళ్లడం టైమ్ వేస్ట్ అనిపిస్తోంది.

కాకినాడ_కాజా
ఆ బీ గురించి బెంగ పెట్టుకోకండి. నా ఏడుపంతా ట్రాన్స్‌స్క్రిప్ట్స్ గురించే. సీల్డ్ కవర్ కోసం మా తమ్ముడు మా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మొదటిసారి సార్ లంచ్‌కి వెళ్లారు. రెండోసారి ప్రింటర్‌లో ఇంకు లేదు. మూడోసారి కవర్ ఇచ్చారు గానీ దాని మీద స్టాంపు లేదు. నర్సింగ్‌కాస్‌లో (నర్సింగ్ కాలేజీలకి అప్లై చేసే వెబ్‌సైట్) నా అప్లికేషన్ మొత్తం ఆ ఒక్క కవర్ కోసం ఆగింది. అదొచ్చేసరికి డెడ్‌లైన్ దాటి తొమ్మిది రోజులు. ఇక 2017 నాటి నా మైక్రోబయాలజీ ఐదేళ్లు దాటిందని చెల్లదన్నారు. మళ్లీ కూర్చుని అవే పెట్రీ డిష్‌లు. ముందే చదివి ఉండాల్సిన ప్రీరెక్విజిట్‌కి ఎన్నేళ్ల గడువో కాలేజీ కాలేజీకీ వేరు, చూసుకోండి.

నైట్‌షిఫ్ట్_అక్క
నేను బెడ్‌పాన్ల దగ్గరే ఆగిపోయాను. 22 ఏళ్లు అవే మార్చానమ్మాయ్. గుంటూరులో జీఎన్‌ఎం, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ, సౌదీలో ఆరేళ్లు, సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (బయటి దేశాల నర్సుల సర్టిఫికెట్ల పరిశీలన), ఎన్‌క్లెక్స్ (ఇక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష). ఇప్పుడు న్యూజెర్సీలో స్టెప్‌డౌన్ యూనిట్ (ఐసీయూకి, మామూలు వార్డుకి మధ్యది), రాత్రి డ్యూటీ.

ఒక రాత్రి సంగతి చెప్తా విను. మూడు గంటల వేళ. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన పెద్దాయన, రెండో రోజు. బీపీ బాగుంది, ఆక్సిజన్ 95. బెడ్‌పాన్ తీయడానికి వెళ్తే ఆయన చెయ్యి దుప్పటి అంచుని నలుపుతూనే ఉంది. సాయంత్రం జోకులేసిన మనిషి, భార్య పేరు అడిగితే తడుముకుంటున్నాడు. ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి 28. చార్టులో 18 అని ఉంది (లెక్కపెట్టనివాళ్లంతా 18 అనే రాస్తారు, ఇక్కడున్న నర్సులకి చెప్పక్కర్లేదు). ర్యాపిడ్ రెస్పాన్స్ (ఎమర్జెన్సీ) టీమ్‌ని పిలిచాను. రక్తంలో లాక్టేట్ నాలుగు దాటింది, సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీస్తోంది. ఆ చేతిని చూడటం మీ మూడేళ్ల కోర్సులో ఏ సెమిస్టర్‌లో చెప్తారు?

అరుణ_యాకిమా
అక్కా, మీ మీద గౌరవంతోనే రాస్తున్నా. నేను డైరెక్ట్ ఎంట్రీలోనే చేశాను. ఫ్లోర్ మీద ఒక్క రోజు కూడా జీతానికి పని చేయలేదు. విశాఖలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, ఇక్కడికొచ్చాక ఎనిమిదేళ్లు ఇల్లు. మొదటి ఏడాది ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) భాగం, పొద్దున్న ఐదున్నరకి ఇంట్లోంచి బయటపడేదాన్ని. ఆ వేసవిలోనే ఎన్‌క్లెక్స్. తర్వాత రెండేళ్లు ఫ్యామిలీ ఎన్‌పీ. ఇప్పుడు కమ్యూనిటీ క్లినిక్‌లో ఉన్నాను. నా పేషెంట్లలో సగం మంది ఆపిల్ తోటల కూలీలు. ఏ1సీ (మూడు నెలల షుగర్ లెక్క) 12తో వస్తారు, ఇన్సులిన్ అంటే భయం, ఫ్రిజ్ ఉండదు. సెలైన్ ఎక్కించడం ఒక పని. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏ మందు ఎంతతో మొదలుపెట్టాలో, అతని జేబుకి ఏది ఆనుతుందో తేల్చడం ఇంకో పని. రెండోది ఫ్లోర్ మీద నేర్పరు.

ఒకటి ఒప్పుకుంటా. మొదటి ఆరు నెలలు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చేదాన్ని.

నైట్‌షిఫ్ట్_అక్క
అదే నేననేది. ఆ ఏడుపు నేను ఫ్లోర్ మీదే ఏడ్చాను, పక్కన ఛార్జ్ నర్సు ఉండగా. తప్పు చేస్తే ఆపడానికి ఆవిడ ఉంది, ఫార్మసిస్టు ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు. నువ్వు కారులో ఏడ్చేవేళకి ప్రిస్క్రిప్షన్ మీద నీ సంతకం పడిపోయింది.

అరుణ_యాకిమా
నా సంతకం పక్కన కూడా మనిషి ఉన్నారక్కా. నేను చేరింది ఎన్‌పీ రెసిడెన్సీలో. కమ్యూనిటీ క్లినిక్‌లు కొత్త ఎన్‌పీల కోసం ఏడాదిపాటు నడుపుతాయి, కనెక్టికట్‌లో 2007లో మొదలైంది. పద్మగారూ, ఎక్కడ చదివినా, చదివాక మాత్రం ఇలాంటిది వెతుక్కోండి. జీతం తక్కువిస్తారు. ఇవ్వనీండి.

డాలస్_బావ
ముందు అందరూ శాంతించండి. ఇప్పటికి 17 మందికి గైడెన్స్ ఇచ్చాను, మా ఆవిడతో కలిపి. క్లియర్‌గా చెప్తా, రాసుకోండి. ఎమ్మెస్సెన్ (నర్సింగ్ మాస్టర్స్) అని ఉంటే ఏ కాలేజీ అయినా ఒకటే. 500 గంటల క్లినికల్స్, బోర్డు ఎగ్జామ్, అంతే. టెక్సాస్‌లోనే ఉన్నారు కాబట్టి రెండో ఏడాదే సొంత క్లినిక్. మెంటల్ హెల్త్ తీసుకుంటే ఇంట్లోంచే వీడియోలో చూసుకోవచ్చు, బాబు పక్కనే ఆడుకుంటాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏముంది ఇప్పుడు?

అరుణ_యాకిమా
బావగారూ, మీరు రాసిన నాలుగు ముక్కల్లో మూడు తప్పు.

ఎమ్మెస్సెన్ అని ఉంటే చాలదు. జాన్స్ హాప్కిన్స్ ఎంట్రీ ఎమ్మెస్సెన్ పూర్తి చేస్తే మీరు ఆర్‌ఎన్ అవుతారు, ఎన్‌పీ కారు. కొలంబియా 15 నెలల మాస్టర్స్ కూడా అంతే, ఎన్‌పీ కావాలంటే ఆ తర్వాత డీఎన్‌పీ (నర్సింగ్ డాక్టరేట్) చేయాలి. యేల్‌లో నర్సింగేతరులకి ఉన్న మూడేళ్ల కోర్సు ఎన్‌పీ దాకా తీసుకెళ్తుంది. పేర్లు చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. లక్ష డాలర్లు కట్టాక తేడా తెలిస్తే ఏం లాభం?

500 గంటలు పాత లెక్క. 2022లో సవరించిన జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 750, అదీ నేరుగా పేషెంట్లతో.

టెక్సాస్‌లో ఎన్‌పీ మందు రాయాలంటే డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వాషింగ్టన్‌లో నాకు అక్కర్లేదు.

డాలస్_బావ
మా ఆవిడ 2019లో చేసినప్పుడు 500. నేను ప్రాక్టికల్‌గా మాట్లాడుతున్నా, మీరు పుస్తకం మాట్లాడుతున్నారు.

మిరపబజ్జీ
మీ ఆవిడనే రాయమనండి సార్ ఇక్కడ.

డాలస్_బావ
ఆమె డ్యూటీలో ఉంది.

ఉప్పుడుపిండి
కాలేజీ సంగతి అడిగారు కదా. నాకు ఒకే ఒక్క కొలత: ప్రిసెప్టర్‌ని, అంటే క్లినికల్స్‌లో దగ్గరుండి నేర్పేవాళ్లని, ఎవరు వెతుకుతారు? నేను చేరిన ఆన్‌లైన్ కాలేజీ పేరు చెప్పను. ఫోన్లో "సాయం చేస్తాం" అన్నారు. సాయమంటే ఒక ఎక్సెల్ షీటు. అందులో ఉన్న డాక్టర్లలో ఇద్దరు రిటైరయ్యారు, ఒకాయన పోయారు. 64 క్లినిక్‌లకి మెయిల్ పెట్టాను. గుడిలో కనబడిన పిల్లల డాక్టర్‌గారిని కొబ్బరికాయ చేతిలో ఉండగానే అడిగాను, పాపం ఆయన తీర్థం కూడా తీసుకోలేదు. చివరికి ఒకావిడ గంటకి ఇంతని డబ్బు తీసుకుని ఒప్పుకుంది. ఫీజు కాలేజీకి, కూలి ఆవిడకి, గ్యాసు నాకు. ఒక సెమిస్టర్ పోయింది. ప్రిసెప్టర్‌ని మేమే చూపిస్తామని కాలేజీ కాగితం మీద రాసిస్తేనే డిపాజిట్ కట్టండి.

కాకినాడ_కాజా
కొబ్బరికాయ చేతిలో ఉండగా 😂

షికాగో_శ్రీను
ఎవరూ వీసా మాటెత్తలేదేంటి? మా ఆవిడ ఆర్‌ఎన్. ఈఏడీ రెన్యూవల్ వేశాం. 2025 అక్టోబర్ 30 నుంచి వేసినవాటికి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. పాత కార్డు అయిపోయింది, కొత్తది రాలేదు, ఏడు వారాలు ఇంట్లో కూర్చుంది. హాస్పిటల్ వాళ్లు ఆగలేదు, ఆ పోస్టులో వేరేవాళ్లని పెట్టుకున్నారు. చదువుకి హెచ్4 చాలు, ఉద్యోగానికి కార్డు కావాలి. ఫ్లోర్ ఆర్‌ఎన్‌కి హెచ్1 దొరకడం కష్టం, ఎన్‌పీకి నయం. ఒక రకంగా పద్మగారి లెక్క అక్కడ కరెక్టే.

నైట్‌షిఫ్ట్_అక్క
వీసా కోసం ఎన్‌పీ అయితే ఇక చెప్పేదేముంది.

షికాగో_శ్రీను
మీరు ఏ వీసా కోసం ఎన్‌క్లెక్స్ రాశారు అక్కా?

నైట్‌షిఫ్ట్_అక్క
మా నాన్న అప్పు తీర్చడానికి రాశాను తమ్ముడూ. ఇక్కడికొచ్చేవేళకి మా పెద్దదానికి మూడేళ్లు, గుంటూరులో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఇలా తీరిగ్గా కూర్చుని కోర్సులు ఎంచుకోవడం మాకు లేదు. ఆ కోపం కూడా కొంత ఉందిలే, ఒప్పుకుంటా.

మిరపబజ్జీ
మేం సిటిజన్లం, అయినా సుఖం లేదు. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (చదువు ఖర్చంతా ఇచ్చే ఫెడరల్ అప్పు) లేదు. గ్రాడ్యుయేట్ కోర్సుకి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష. మెడిసిన్, లా లాంటివాటికి ఏడాదికి 50,000. ఆ జాబితాలో నర్సింగ్‌ని పెట్టలేదు. మిగతాది ప్రైవేటు బ్యాంకు, దానికి వడ్డీ చూస్తే మన ఊళ్లో కాల్‌మనీ నయమనిపిస్తుంది. హెచ్4 వాళ్లకి ఫెడరల్ అప్పు ఎటూ రాదు కాబట్టి పద్మగారికి ఈ బాధ లేదు, వేరే బాధ ఉంది.

కాకినాడ_కాజా
ఇంతకీ డీఎన్‌పీ చేసినవాళ్లని డాక్టర్ అనాలా? మా మేనత్త అడుగుతోంది, పెళ్లి సంబంధం. అబ్బాయివాళ్లు "డాక్టర్ అమ్మాయి" అని కార్డు వేయించేశారు.

ఉప్పుడుపిండి
డాక్టరేట్ చేసింది కాబట్టి డాక్టరే, పేషెంట్ ముందు మాత్రం "నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని" అని చెప్పాలి. శుభలేఖ మీద ఏం వేసుకున్నా బోర్డు వాళ్లు రారు లెండి.

నైట్‌షిఫ్ట్_అక్క
నర్సు అని వేస్తే కట్నం తగ్గుతుందనా?

కాకినాడ_కాజా
అక్కా, నేను అడిగింది ఒకటి…

డాలస్_బావ
నమస్తే. ఇది బావ కాదు, ఆయన భార్యని. లాగిన్ ఆయనది. డ్యూటీ దిగి ఇప్పుడే ఇదంతా చదివాను. ఆయన గైడ్ చేసిన 17 మందిలో పదిమందికి పైగా నాకే ఫోన్ చేశారు.

పద్మా, నేను ఐదేళ్లు ఆర్‌ఎన్‌గా చేసి ఎన్‌పీ చేశాను. అక్క చెప్పింది నిజం. అరుణ చెప్పింది కూడా నిజమే, నాతో చదివిన డైరెక్ట్ ఎంట్రీ అమ్మాయి నాకంటే బాగా హిస్టరీ తీసేది. నేను ఇప్పటికీ పేషెంట్‌ని పూర్తిగా మాట్లాడనివ్వకుండా బీపీ కఫ్ అందుకుంటాను, ఫ్లోర్ అలవాటు.

కాలేజీకి ఫోన్ చేస్తే ఇది అడుగు: మధ్యలో ఎన్‌క్లెక్స్ మొదటిసారి తప్పితే సీటు ఉంటుందా, రెండో ఏడాదిలోకి రానిస్తారా? ఆర్‌ఎన్ లైసెన్స్ రాగానే ఒక ఏడాది ఆగి ఫ్లోర్ మీద చేసి తిరిగి రావచ్చా? కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. మొదటిసారి పాసయ్యేవాళ్ల శాతం టెక్సాస్ నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో కాలేజీవారీగా ఉంటుంది, బ్రోచర్ చూడకు. బాబు సంగతి: మా అత్తగారు ఆరు నెలలు, మా అమ్మ ఆరు నెలలు, ఎయిర్‌పోర్టులో ఇంటి తాళాలు చేతులు మారేవి. వీడియోలో పేషెంట్‌ని చూస్తుంటే పక్కన పిల్లాడు ఆడుకోవడం కుదరదు. ఆయనకి నేను చెప్తాను.

మిరపబజ్జీ
బావ ఎక్కడ? 😂

ప్లేనో_పద్మ
అందరికీ థాంక్స్. అక్కా, బెడ్‌పాన్ల మాటకి సారీ. అనకుండా ఉండాల్సింది. ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో సీఎన్‌ఏగా (నర్సింగ్ అసిస్టెంట్) వారానికి రెండు షిఫ్టులు అడిగాను, కోర్సు ఆరు వారాలట. అప్లికేషన్లు మూడింటికి కుదించాను, రెండు డైరెక్ట్ ఎంట్రీ, ఒకటి ఏబీఎస్‌ఎన్.

63 శాతం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్_అక్క
సీఎన్‌ఏ షిఫ్టుకి మంచి బూట్లు కొనుక్కో, కింద రబ్బరు ఉండేవి. తెల్లవి వద్దు.

కాకినాడ_కాజా
పద్మగారూ, మీ మైక్రోబయాలజీ ల్యాబ్ మాన్యువల్ ఉందా? అమ్ముతారా? రాతలు లేకపోతే బావుంటుంది.