వెర్దిక్కియో వైన్ చేపలకు మాత్రమేనా?

అంకోనా తెలుగు:
ఇటలీ తూర్పు తీరంలో, మార్కె ప్రాంతంలో తయారయ్యే తెల్ల వైన్ వెర్దిక్కియో. ఎవరినడిగినా "చేపలతో తాగండి" అని ఒకటే మాట. అది సగం నిజమేనని నా వాదన. ఈ వైన్‌లో పులుపు గట్టిగా ఉంటుంది, చివర్లో బాదం పలుకులాంటి సన్నని చేదు తగులుతుంది. నూనె, కొవ్వు ఉన్న తిండి తిన్నాక నోరు శుభ్రపడేది ఆ రెండింటి వల్లే. ఆస్కోలీ ఆలివ్‌లు తిన్నారా? పెద్ద పచ్చ ఆలివ్‌లో గింజ తీసి, మాంసం కూరి, బ్రెడ్ పొడి పట్టించి వేయిస్తారు. అవి వేడివేడిగా ఉన్నప్పుడు దీనికి మించిన జోడీ నాకు దొరకలేదు. కుందేలు పొట్టలో అడవి సోంపు, వెల్లుల్లి కూరి కాల్చే వంట కూడా అంతే. ఇవేవీ చేపలు కావు కదా!

తీరంవాసి:
ఒప్పుకోనండి. మార్కె రేవు నగరం అంకోనా పక్కనున్న పోర్తోనోవో దగ్గర రాళ్లకు అంటుకుని పెరిగే ఆల్చిప్పలను ఆవిరి మీద ఉడికించి, ఈ వైన్ తయారయ్యే యేజి కొండల లేత (ఎక్కువ కాలం నిల్వ చేయని) వెర్దిక్కియోతో తినండి, తర్వాత మాట్లాడదాం. అంకోనా వాళ్లు ఎండు కాడ్ చేపను బంగాళాదుంప, టమాటాలతో గంటల తరబడి సన్నని మంట మీద వండుతారు. ఆ గిన్నెలో పోసేది కూడా ఈ వైనే. వంటలోనే కలిసిపోయిన బంధాన్ని సగం నిజం అంటే ఎలా?

వంటపిచ్చి:
చేపల ముద్ర బలపడటంలో సీసా పాత్ర కూడా ఉంది. 1953లో ఫాజి బత్తాలియా కంపెనీ పాతకాలపు కూజా ఆకారంలో ఆకుపచ్చ సీసా తెచ్చింది. ప్రపంచమంతా దాన్ని చూసే వెర్దిక్కియోను గుర్తుపట్టింది, చేపల హోటళ్లలో తేలికగా తాగే వైన్ అనుకుంది.

అసలు మీరిద్దరూ మాట్లాడుతున్నది ఒకే వైన్ గురించి కాదు. యేజి కొండలు సముద్రం వైపు తెరుచుకుని ఉంటాయి. వెర్దిక్కియో తయారయ్యే ఇంకో చోటు మతేలికా లోయ అలా కాదు, కొండల మధ్య మూసుకుని ఉంటుంది, సముద్రపు గాలి చేరదు, రాత్రుళ్లు చల్లగా ఉంటాయి. అందుకే అక్కడి వైన్‌లో పదును ఎక్కువ. ఇక రిజర్వా అని రాసి ఉంటే కనీసం 18 నెలలు నిల్వ చేశారని అర్థం. దానికి కుందేలు, కోడి, పంది మాంసం అన్నీ సరిపోతాయి. దయచేసి రిజర్వాను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకండి. 12 డిగ్రీల దగ్గరైతేనే వాసన విచ్చుకుంటుంది.

పులుసుప్రియ:
మిలాన్‌లో ఉంటున్నాను. మన నెల్లూరు చేపల పులుసుతో కుదురుతుందా? చింతపండు పులుపు, వైన్ పులుపు కొట్టుకుంటాయని మా ఆయన అంటారు.

వంటపిచ్చి:
పులుపుతో సమస్య లేదమ్మా. తిండి పుల్లగా ఉన్నప్పుడు పులుపు తక్కువున్న వైనే చప్పబడిపోతుంది, ఇది నిలబడుతుంది. ఇబ్బంది కారంతో. ఆల్కహాల్ మంటను పెంచుతుంది, పైగా ఇందులో తీపి లేదు. పులుసు పక్కన పెట్టి, కారం తగ్గించి వేయించిన చేప ముక్కలతో ప్రయత్నించండి. చట్నీ లేకుండా మినప గారెలైనా బాగుంటాయి.

తీరంవాసి:
చూశారా, మళ్లీ చేప దగ్గరికే వచ్చారు!

అంకోనా తెలుగు:
గారెలు కూడా చెప్పారు కదండీ! నేను చూసేది నూనె, ఉప్పు, కొవ్వు ఎంతున్నాయన్నది. అందులో ఉన్నది చేపా, మాంసమా, పప్పా అన్నది ఆ తర్వాతి సంగతి. మీ ఆల్చిప్పలకు లేత యేజి వైన్ సరైనదే, కాదనను. కానీ అంకోనా బ్రొదెత్తో సంగతేంటి? అది పదమూడు రకాల చేపలతో చేసే పులుసు, అందులో టమాటా, వెనిగర్ పడతాయి. లేత వైన్ దాని ముందు తేలిపోతుంది. దానికి నేను మతేలికా సీసానే తెరుస్తాను.

తీరంవాసి:
బ్రొదెత్తోకు మతేలికానా? అంకోనా రేవులో ఆ మాట అనకండి. యేజి రిజర్వా దాకా వస్తాను, అంతకు మించి రాను.