నాలుగు సాఫ్ట్‌వేర్లు కలపాలంటే నేరుగానా, మధ్యలో మిడిల్‌వేరా?

బెజవాడ_ఐటీ: మాది ఆటో విడిభాగాల డిస్ట్రిబ్యూషన్. బిల్లింగ్‌కి ఒక సాఫ్ట్‌వేర్, గోడౌన్ స్టాక్‌కి ఇంకోటి, లెక్కలు టాలీలో, ఈ-ఇన్‌వాయిస్‌కి జీఎస్టీ పోర్టల్. రోజూ సాయంత్రం ఎక్సెల్ దించి టాలీలో ఎక్కిస్తున్నాం. వెండర్ మిడిల్‌వేర్ (అన్నిటి మధ్యా ఉండి డేటా చేరవేసే సాఫ్ట్‌వేర్) కొనమంటున్నాడు, మా కుర్రాడేమో నేరుగా ఏపీఐలతో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారులు) లంకెలు రాసేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లంకెల_లెక్క: వెండర్ మాటే. నాలుగింటిని ఒకదానితో ఒకటి కలిపితే 6 లంకెలు. రేపు సేల్స్ యాప్, ఆన్‌లైన్ ఆర్డర్లు, బ్యాంకు అంటూ ఎనిమిదైతే 28. ఒక్క ఫీల్డ్ మారితే ఎన్నిచోట్ల దిద్దుతారు? ఈలోగా ఆ కుర్రాడు ఉద్యోగం మారాడా, ఇక అంతే.

పాతకాపు: ఆ 28 బొమ్మలో బాగుంటుంది. గోడౌన్ యాప్‌కి జీఎస్టీ పోర్టల్‌తో ఏం పనండీ? ఇక్కడ అన్నీ బిల్లింగ్ నుంచే బయల్దేరతాయి. కావాల్సినవి 3. వాటికి లైసెన్సు, దాన్ని చూసుకునే మనిషి... పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

లంకెల_లెక్క: మూడే అనుకోండి. టాలీకి బయటి నుంచి ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్‌లో డేటా పంపాలంటే (మామూలుగా 9000 పోర్టు) టాలీ తెరిచి, కంపెనీ లోడై ఉండాలి. అకౌంటెంట్ గారు ఆరింటికి సిస్టమ్ ఆపేసి వెళ్తే ఏడింటి బిల్లు ఎక్కడికి పోవాలి?

పాతకాపు: బిల్లింగ్ డేటాబేస్‌లోనే ‘పంపాల్సినవి’ అని ఒక టేబుల్ పెట్టాలి. బిల్లు సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే అందులోనూ ఒక వరస పడాలి (పడితే రెండూ, లేదంటే ఏదీ కాదు). పొద్దున టాలీ తెరవగానే చిన్న ప్రోగ్రాం అవన్నీ ఎక్కిస్తుంది.

ఇన్‌వాయిస్_అక్క: ఇద్దరూ అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. టాలీ ఒక రోజు ఆలస్యమైతే కొంప మునగదు. ఈ-ఇన్‌వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే నంబరు, అదే ఐఆర్‌ఎన్, రాకపోతే లారీ కదలదు. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి బీటూబీ (వ్యాపారి నుంచి వ్యాపారికి) బిల్లులకు అది తప్పనిసరి. కాబట్టి దాన్ని కౌంటర్‌లో మనిషి ఉండగానే నేరుగా అడగాలి.

అసలు తిప్పలు టైమౌట్‌తో. పోర్టల్‌లో నంబరు పుట్టేసింది, జవాబు మాత్రం మనదాకా రాలేదు. మళ్లీ పంపితే ‘డూప్లికేట్’ అని ఎర్రర్. అది ఫెయిలైందనుకుని కొత్త బిల్లు నంబరుతో కొట్టారా, ఒకే సరుకుకు రెండు ఇన్‌వాయిస్‌లు! రద్దు చేయడానికి 24 గంటలే టైము, ఆ తర్వాత క్రెడిట్ నోట్ల గోల. ఆ ఎర్రర్ వస్తే పాత బిల్లు నంబరుతోనే అడిగి ఐఆర్‌ఎన్ తెచ్చుకోవాలి. మీ కుర్రాడిని ముందు ఇదొక్కటి అడగండి. జవాబు తెలిస్తే రాయనివ్వండి.

బెజవాడ_ఐటీ: అడుగుతాను అక్కా. ఇంకో టెన్షన్: ఒకే పార్టీ బిల్లింగ్‌లో ‘ఏజెన్సీస్’, టాలీలో ‘ఏజెన్సీ’.

పాతకాపు: ఆ లెడ్జర్ లేదని టాలీ తిప్పికొడుతుంది. దీనికి ఏ మిడిల్‌వేరూ మందు కాదు. అకౌంటెంట్‌తో కూర్చుని పార్టీకో కోడ్ ఇచ్చి పట్టిక రాసుకోండి. జీఎస్టీ నంబరుతో సరిపెడదామనుకోవద్దు, ఒకే నంబరు మీద రెండు బ్రాంచీలుంటాయి.

లంకెల_లెక్క: టేబుల్, మళ్లీ పంపడం, కోడ్ల పట్టిక... ఇవన్నీ కలిపితే మిడిల్‌వేరే కదండీ! సొంతంగా రాసుకుంటున్నారంతే.

పాతకాపు: అవును, 3 లంకెలకు సరిపడా.

ఇన్‌వాయిస్_అక్క: కొన్నా, రాసుకున్నా, పొద్దున్నే ఆగిపోయిన వరసలు చూసేదెవరో ఇప్పుడే తేల్చుకోండి. మీ కుర్రాడి ఫోన్‌కి మాత్రమే ఎర్రర్ మెసేజ్ వస్తే లాభం లేదు.