నల్ల మైనపు ఫోనోగ్రాఫ్ సిలిండర్లను గుర్తించడంలో, శుభ్రం చేయడంలో సలహా కావాలి

న్యూజెర్సీలో మా పొరుగింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ, తమ తాతగారి కాలం నాటి ఫోనోగ్రాఫ్ సిలిండర్ల (పైన సన్నని గాడులుగా పాటలు నమోదైన గొట్టాల) పెట్టెను నాకు అప్పగించారు. వాటిలోని పాటలు ఇక మీదటైనా చెడిపోకూడదని నా తపన.

నీలిరంగువి 1912లో ఎడిసన్ సంస్థ తెచ్చిన బ్లూ అంబెరాల్ రకమని, అంచుపై అచ్చయిన సంఖ్యను, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పొర కింది ప్లాస్టర్‌ను చూసి పోల్చుకున్నాను. సంఖ్య ఉన్నవాటి వివరాలు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు సిలిండర్ భాండాగారంలో వెతకవచ్చు. చిక్కంతా అంచుపై అక్షరాలు అరిగిపోయిన నల్ల మైనపు వాటితోనే. వీటిలో రెండు నిమిషాలు మోగే రకానికి అంగుళానికి 100 గాడులు, 1908లో వచ్చిన నాలుగు నిమిషాల మైనపు అంబెరాల్‌కు 200 గాడులు ఉంటాయి. రెండు నిమిషాల సూదిని నాలుగు నిమిషాల మైనంపై పెడితే సన్నని గాడులు పాడైపోతాయి కనుక, వాయించకముందే తేడా తేలాలి. భూతద్దం, స్కేలు పెట్టి గాడులు లెక్కించడం కన్నా నమ్మకమైన పద్ధతి ఏదైనా ఉందా?

రెండో సంగతి, ఒకదానిపై బియ్యప్పిండి చల్లినట్టు తెల్లని మచ్చలున్నాయి. అది బూజో, మైనం నుంచే పైకి తేలిన పొరో ఎలా తెలుసుకోవాలి? పైభాగం తాకకుండా రెండు వేళ్లు లోపలికి పెట్టి విప్పార్చి పట్టుకుంటున్నాను, ఆల్కహాల్ దగ్గరికి రానివ్వడం లేదు. మెత్తని పొడి కుంచెతో దులపవచ్చా, లేక అదీ గాడులకు హానికరమా? ప్లాస్టర్ ఉబ్బి యంత్రపు కడ్డీపై పూర్తిగా ఎక్కని నీలి సిలిండర్‌ను లోపల అరగదీసిన అనుభవం ఉన్నవారు ఎంతవరకు అరగదీయవచ్చో కూడా దయచేసి తెలియజేయగలరు.