‘చిత్రిక పట్టడం’ అంటే చిత్రించడమేనా?

‘పల్లె జీవితాన్ని చిత్రిక పట్టిన కథలు’ అన్న వాక్యం సరైనదేనా అని ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న మీద ఇక్కడ జరుగుతున్న చర్చనంతా చదివాను. ఈ ప్రయోగం పుస్తక సమీక్షల్లో, ముందుమాటల్లో, సంతాప వ్యాసాల్లో సైతం స్థిరపడిపోయిందనీ, దాన్ని ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదనీ పలువురు అభిప్రాయపడ్డారు. నేను వారితో ఏకీభవించలేను. చిత్రిక పట్టే పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ మాటను ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో దానంతట అదే తేలుతుంది కాబట్టి, పనిముట్లు దాచుకునే ఒక చిన్న చెక్కపెట్టెను ఉదాహరణగా తీసుకుంటాను.

చిత్రిక వడ్రంగి పనిముట్టు. దీన్నే తోపడా అని కూడా అంటారు. హైదరాబాదు వైపు రందా అన్న మాట వినిపిస్తుంది. మద్ది వంటి గట్టి కర్ర దిమ్మకు నడుమ వాలుగా ఒక తొర్ర తొలిచి, అందులో సుమారు 45 డిగ్రీల వాలున ఇనుప బ్లేడును నిలిపి, అది కదలకుండా ఒక చెక్క చీలికను దిగగొడతారు. దిమ్మ అడుగు నుంచి బ్లేడు అంచు వెంట్రుకవాసి మాత్రమే బయటికి తొంగిచూడాలి. అంతకు మించితే చిత్రిక పలకలో దిగబడి ఆగిపోతుంది. సరిగ్గా అమరినప్పుడు మాత్రం ఒక్కో తోపుకు కాగితమంత పలుచని పొర చుట్టలు చుట్టుకుంటూ తొర్రలోంచి పైకి లేస్తుంది. చెక్క వాటం చూసుకుని తోయడం ఇందులో అసలు మెలకువ. ఎదురువాటంగా తోస్తే నార లేచి, పలక ముఖం పెళ్ళలుగా ఊడుతుంది.

ఇక పెట్టె సంగతి. ఉలులు, సుత్తి, మూలమట్టం, పట్టకారు వంటివి పట్టడానికి 15 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు చాలు. టేకు దొరికితే మంచిదే కానీ వేప పలక కూడా ఈ పనికి బాగానే ఉంటుంది. కోత మిల్లు నుంచి తెచ్చిన ముప్పావు అంగుళం పలక మీద రంపపు పళ్ళ గీతలు అడ్డంగా కనిపిస్తూనే ఉంటాయి. పైగా ఆరేటప్పుడు పలక కొద్దిగా వంగి ఉండవచ్చు. అందువల్ల మొదట ఒక ముఖాన్ని చిత్రిక పట్టి, మూలమట్టం అంచును దానిపై నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. అంచు కింద వెలుతురు జారిన చోటు పల్లం, జారని చోటు మిట్ట. ఆ మిట్టలను తీసివేస్తూ పోతే ముఖం సమమవుతుంది. ఆ తరువాత ఒక అంచును ఆ ముఖానికి సరిగ్గా లంబంగా వచ్చేటట్లు చిత్రిక పట్టాలి. ఆ పైన వేసే ప్రతి కొలతా, గీసే ప్రతి గీతా ఈ ముఖాన్నీ, ఈ అంచునూ ఆధారం చేసుకునే ఉంటాయి కాబట్టి, ఇక్కడ జరిగిన లోపం మూలల అతుకుల దాకా వెంటాడుతుంది.

నాలుగు పక్కలనూ అతికిన తరువాత, జిగురు ఆరకముందే కర్ణాలను కొలవడం మరచిపోకూడదు. వెలుపలి కొలత 15, 8 అంగుళాలు అయినప్పుడు రెండు కర్ణాలూ సరిగ్గా 17 అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే పెట్టె ఓరగా నిలిచిందని అర్థం. పొడవైన కర్ణం ఉన్న మూలలను లోపలికి నొక్కి సరిచేయాలి. అడుగు పలకను మాత్రం జిగురుతో బిగించరాదు. వానాకాలపు చెమ్మకు పలక వెడల్పు దిశలో ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కాబట్టి పక్కల లోపలి వైపు గాడి తీసి, అతికేటప్పుడే అడుగు పలకను ఆ గాడిలో కాస్త సందు వదిలి కూర్చోబెడితే పక్కలు విచ్చిపోవు.

ఈ మొత్తం పనిలో చిత్రిక కొత్తగా దేన్నీ చేర్చదు. రంగు వేయదు, బొమ్మ గీయదు, పూలూ లతలూ చెక్కదు. అక్కరలేని పొరను తీసివేసి సమం చేస్తుంది, నునుపు తెస్తుంది. చిత్రించడమంటే ఖాళీగా ఉన్న చోట ఒక రూపాన్ని నిలపడం. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో నడిచేవి. ‘చిత్ర’ అన్న ధ్వని రెండింటిలోనూ ఉండడం వల్లనే చిత్రిక పట్టడమంటే చిత్రించడానికి మరింత గంభీరమైన పర్యాయపదమని మన సమీక్షకులు అనుకున్నారని నాకనిపిస్తుంది. ‘రైతుల కష్టాలను చిత్రిక పట్టిన నవల’ అని రాస్తే, ఆ కష్టాలను నునుపు చేసి చూపిన నవల అనే అర్థం వస్తుంది. అది రచయితకు మెప్పు కాకపోగా, తీవ్రమైన ఆరోపణ అవుతుంది.

రంపపు గరుకు కింద మరుగుపడి ఉన్న చారలు చిత్రిక పట్టాకనే కదా బయటపడతాయి, జీవితంలో దాగిన రూపాన్ని బయటపెట్టడాన్ని ఆ మాటతో ఎందుకు చెప్పకూడదు అని ఒక సభ్యురాలు అడిగారు. ఈ చర్చలో వచ్చిన వాదాలన్నింటిలోకీ బలమైనది ఇదే. విస్తారమైన అనుభవంలోంచి అనవసరమైనదంతా తొలగించి సారాన్ని తేటగా చూపిన రచన గురించి చెబుతూ, ఆ తొలగింపు వాక్యంలో స్పష్టంగా తెలిసేటట్లు రాస్తే నాకు అభ్యంతరం లేదు. ‘తొలి ప్రతిని ఎన్నోసార్లు చిత్రిక పట్టి అచ్చుకు ఇచ్చారు’ అన్న వాక్యమైతే నిస్సందేహంగా మంచి తెలుగు. అయితే మనం చూస్తున్న వాక్యాల్లో తొంభై పాళ్ళు అటువంటివి కావు. చిత్రించారు అని రాయవలసిన చోట ఈ మాటను తెచ్చి పెట్టినవే.

మాటల అర్థాలు మారడం సహజమన్నది కూడా నిజమే. పాత అర్థం మరుగునపడినప్పుడు కొత్తది నిలబడితే ఎవరూ కాదనలేరు. ఇక్కడ పాత అర్థం ఇంకా పనిలోనే ఉంది. కరెంటుతో తిరిగే యంత్రం వచ్చాక కూడా చిత్రిక పట్టడమనే అంటున్న వడ్రంగులు ఉన్నారు. ఇదే వృత్తి నుంచి వచ్చిన చేవ అన్న మాటను చూడండి. చెట్టు నడిమి గట్టి కర్రకు చేవ అని పేరు. ‘చేవ ఉన్న మనిషి’ అన్నప్పుడు ఆ గట్టితనం చెక్కుచెదరకుండా మనిషికి సంక్రమించింది. ‘పని గాడిలో పడింది’ అన్నప్పుడు కూడా, పలక గాడిలో కూర్చోవడం ఎరిగినవారికైనా, బండి చక్రం గాడి వెంట సాగడం ఎరిగినవారికైనా ఆ మాట నిండుగానే అందుతుంది. చిత్రికకు మాత్రమే ఈ న్యాయం జరగలేదు.

సభ్యులకు ఒక మనవి. బ్లేడును బిగించే చెక్క చీలికకూ, బ్లేడు తొంగిచూసే అడుగు సందుకూ, పైకి లేచే చుట్టల పొరకూ మీ మీ ప్రాంతాల వడ్రంగులు ఏయే పేర్లు వాడుతున్నారో, వీలైతే వారినే అడిగి, ఊరి పేరుతో సహా ఈ చర్చ కిందనే రాయండి.