‘ప్రేమించడం మానేశాడు’: విప్రలంభం కరుణగా మారే చోటు

విప్రలంభ శృంగారం (ఎడబాటులోని ప్రేమ) ఎక్కడ ముగిసి కరుణరసం (తిరిగిరాని నష్టం మీది శోకం) ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న మీద సాగుతున్న చర్చలో మన కావ్యాల నుంచి ఉదాహరణలు ఇప్పటికే వచ్చాయి కనుక, నేను అమెరికా కంట్రీ సంగీతం నుంచి ఒక పాటను చర్చకు తెస్తున్నాను. అది బాబీ బ్రాడక్, కర్లీ పట్మన్ రాయగా 1980లో జార్జ్ జోన్స్ గొంతులో వెలువడిన ‘హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’. ‘ఈరోజు అతను ఆమెను ప్రేమించడం మానేశాడు’ అన్న ఆ శీర్షిక చూడగానే ఎట్టకేలకు అతని మనసు మళ్లిందని అనిపిస్తుంది.

చచ్చేదాకా ప్రేమిస్తానన్న అతని మాటతో పాట మొదలవుతుంది. గోడమీద ఆమె చిత్రం, మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు, వాటిలో ప్రేమ మాట ఉన్న ప్రతిచోటా ఎర్ర గీత. ఆమె తిరిగి వస్తుందన్న ఆశ మిగిలి ఉన్నంతవరకు ఇది విప్రలంభమే. పల్లవి రాగానే అతని తలుపుకు పూలచక్రం కనిపిస్తుంది, కాసేపట్లో అతన్ని మోసుకుపోతారని తెలుస్తుంది. అతను చనిపోయాడన్న వాక్యం మాత్రం పాటలో ఎక్కడా లేదు. ‘మానేశాడు’ అన్న ఒక్క క్రియ మరణాన్నీ, మాట నిలబెట్టుకోవడాన్నీ కలిపి ధ్వనింపజేస్తుంది. ఇంత పొదుపైన ధ్వని, అంటే నేరుగా చెప్పకుండానే స్ఫురింపజేయడం, పాటల్లో అరుదని నా అభిప్రాయం.

ఆమె చివరిచూపుకు వచ్చే చరణం నిర్మాత బిల్లీ షెర్రిల్ పట్టుబట్టి రాయించినది. దానిని పాడరు, మామూలు మాటలుగా చెబుతారు. తాగుడుతో చితికిపోయి ఉన్న జోన్స్ మాట తడబడుతుండడం వల్ల ఆ కొద్ది పంక్తుల రికార్డింగుకు చాలాకాలం పట్టిందని షెర్రిల్ చెప్పాడు. ఇంత విషాదగీతాన్ని ఎవరూ కొనరని జోన్స్ అనుకున్నా, అది కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. 1975లో గాయని టామీ వైనెట్‌తో జరిగిన అతని విడాకులను శ్రోతలు ఈ పాటలో వెతుక్కోవడం సహజమే. అయితే దీనిని అంతకుముందే మరో గాయకుడు జానీ రసెల్ రికార్డు చేశాడు కనుక, ఇది జోన్స్ జీవితంలోంచి పుట్టిన పాట అనడం సరికాదు.

దీనిని కరుణ విప్రలంభం (ప్రేమికుల్లో ఒకరు మరణించినా మళ్లీ కలుస్తారన్న ఆశ మిగిలిన ఎడబాటు) అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. బాణుడి కాదంబరిలో ప్రియుడు పుండరీకుడు మరణించినా మహాశ్వేతకు పునస్సమాగమం మీద ఆశ ఉంది కనుక అక్కడ ఆ పేరు చెల్లుతుంది. ఇక్కడ అటువంటి ఆశకు చోటు లేదు కనుక ఇది శుద్ధ కరుణమే. రతికి (ప్రేమభావానికి) ఆశ్రయమైన, అంటే దానిని మనసులో మోసిన మనిషే పోయాక శోకానికి ఆశ్రయం ఎవరన్నది నాకు మరింత ముఖ్యమైన ప్రశ్న. ఆమె ఏడ్చిందని పాట చెప్పదు, వచ్చిందని మాత్రమే చెబుతుంది. అందువల్ల ఆ శోకం, కథ చెబుతున్న స్నేహితుడిదని నేను భావిస్తున్నాను.