అమెరికా స్కూళ్లలో మూడు నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఏటా రీడింగ్, మ్యాథ్ టెస్టు పెట్టాలనే ఫెడరల్ రూలు ఉండాలా, పోవాలా?

తుంగభద్ర (డాలస్):
ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌ను మూసే పని మొదలుపెట్టమని 2025 మార్చి 20న ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "మంచిదేగా, స్కూళ్ల సంగతి రాష్ట్రాలే చూసుకుంటాయి, టెస్టుల గోల తగ్గుతుంది" అని. నేను ఒప్పుకోను. డిపార్ట్‌మెంట్‌ను పూర్తిగా ఎత్తేయాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, నిజమే. కానీ చట్టం ఉండి, అడిగే మనిషి లేకపోతే ఏమవుతుందో టెక్సాస్‌లో చూశాం.

2004లో మా రాష్ట్ర ఎడ్యుకేషన్ ఏజెన్సీ స్కూల్ డిస్ట్రిక్టులకు ఒక లెక్క పెట్టింది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రత్యేక బోధనలో ఉన్న పిల్లలు 8.5 శాతం దాటితే ఆ డిస్ట్రిక్టు పనితీరు తక్కువని రాస్తారు. దేశంలో సగటేమో 13 శాతం దాకా ఉంది. ఆటిజం, డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లల తల్లిదండ్రులు వెళ్లి అడిగితే ముందు అది చేసి చూద్దాం, ఇది చేసి చూద్దాం అంటూ తిప్పారు. 12 శాతం దగ్గర ఉన్న సంఖ్య చివరికి 8.5కే దిగింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది, 2018 జనవరిలో ఫెడరల్ డిపార్ట్‌మెంట్ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. వాళ్లూ లేకపోతే ఆ తల్లిదండ్రులు ఎవరి గడప ఎక్కాలి?

కొండపల్లి (ఒహాయో):
అన్నా, మిగతా కథ కూడా చెప్పు. ఆ పరిమితిని నిషేధించింది 2017లో టెక్సాస్ శాసనసభ. ఫెడరల్ వాళ్లు తేల్చింది ఆ తర్వాత. పన్నెండేళ్లు వాళ్ల కళ్లముందే నడిచింది కదా? స్కూళ్ల ఖర్చులో ఫెడరల్ వాటా సుమారు పదో వంతు. తొమ్మిది వంతులు పెట్టేవాళ్లకు లేని పెత్తనం పదో వంతువాళ్లకు ఎందుకు?

సుద్దముక్క (జార్జియా):
నేను ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. తుంగభద్ర గారూ, మీరు చెప్పిన 8.5 కూడా "జవాబుదారీ" పేరుతో పెట్టిన అంకే కదండీ. పెద్దవాళ్ల ముందు ఒక అంకె పెట్టి దాని మీద వాళ్ల ఉద్యోగం ఆధారపడుతుందంటే, పిల్లల్ని ఆ అంకెలో ఇరికిస్తారు. 2002 జనవరిలో బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 2014 కల్లా నూటికి నూరు మంది పిల్లలూ రీడింగ్, మ్యాథ్‌లో పాసవ్వాలంది. ఏ దేశంలోనూ జరగని పని అది. అట్లాంటాలో ఏం జరిగిందో 2011 నాటి రాష్ట్ర విచారణ నివేదికలో ఉంది: 44 స్కూళ్లు, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు. జవాబు పత్రాలు చెరిపి దిద్దారు. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. ఆ దొంగ పాసు మార్కుల వల్ల సాయం కావాల్సిన పిల్లలకు ట్యూషన్ అందలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఏప్రిల్‌లో మా క్లాసుకు వచ్చి చూడండి. గోడల మీద చార్టులన్నీ కాగితంతో కప్పేస్తాం, ఎక్కాల పట్టికతో సహా. నవంబరులో నెల్లూరు నుంచి వచ్చిన పిల్లాడు ఉన్నాడు. మొదటి ఏడాది రీడింగ్ టెస్టు నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు, మ్యాథ్ మాత్రం తప్పదు. భాగహారాలు నోటితో చేసేసే పిల్లాడు, ఇంగ్లిష్ కథలా రాసిన లెక్క ముందు గంటసేపు స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ టెస్టు వాడి గురించి నాకేం చెప్పింది? ఫలితాలు వచ్చేసరికి వాడు నా క్లాసులోనే ఉండడు.

మల్లెతీగ (న్యూజెర్సీ):
ఒక్కమాట. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏదని ఫారం ఇస్తారు కదా, "ఇంగ్లిష్ అని రాసేయండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసులో) పడేస్తారు" అని మనవాళ్లే చెబుతుంటారు. దయచేసి అలా రాయకండి. 1974లో సుప్రీంకోర్టు లావ్ కేసులో తీర్పు ఇచ్చింది కాబట్టే ఇంగ్లిష్ రాని పిల్లలకు సాయం చేయడం స్కూళ్ల బాధ్యత అయింది. 2015లో కొత్త ఫెడరల్ విద్యా చట్టం వచ్చాక ఆ పిల్లలు ఇంగ్లిష్‌లో ఎంత ముందుకెళ్లారన్నది కూడా స్కూలు లెక్కలోకి వస్తోంది. మా పాపకు తెలుగు అనే రాశాను. సాయం అందింది, తర్వాత టెస్టు పాసై బయటికొచ్చేసింది.

తుంగభద్ర:
సుద్దముక్క మేడం, మీరు చెప్పిన 2002 చట్టంలోని శిక్షలు చాలావరకు 2015లో ఒబామా సంతకం చేసిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టంతో పోయాయి. లక్ష్యాలు ఇప్పుడు రాష్ట్రాలవే. ముఖ్యంగా అట్టడుగు 5 శాతం స్కూళ్లను గుర్తించి బాగుచేయాలి. మిగిలిన అసలు సంగతి, స్కోర్లను గ్రూపులవారీగా బయటపెట్టడం: పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు. మనం రేటింగ్ చూసుకుని ఇల్లు కొన్న స్కూల్లో సగటు బ్రహ్మాండంగా ఉంటుంది. దాని కింద నలభై మంది పిల్లలు చదవలేకపోతున్నా సగటు కదలదు. 2024 జాతీయ పరీక్షలో ఎనిమిదో గ్రేడ్ పిల్లల్లో మూడో వంతు మందికి రీడింగ్‌లో కనీస స్థాయి కూడా లేదు. ఇప్పుడా లెక్క చూడటం మానేసేది?

సుద్దముక్క:
గ్రూపుల లెక్క తీసేయమని నేను అనలేదండీ. దాని జోలికి ఎవరొచ్చినా మీ పక్కనే నిలబడతాను. నేను అడిగేది ఏటా ఎందుకని. మూడు నుంచి ఎనిమిది దాకా ప్రతి గ్రేడ్‌లోనూ, మళ్లీ హైస్కూల్లో ఒకసారి. 1994 చట్టంలో మొత్తం బడి చదువులో మూడు సార్లే ఉండేది. అదే చాలు. మిగిలిన వారాల్లో సైన్స్ చెప్పుకుంటాం, సోషల్ చెప్పుకుంటాం. ఆ పీరియడ్లను మింగేసింది రీడింగ్, మ్యాథ్ ప్రిపరేషనే.

తుంగభద్ర:
మూడుసార్లే అయితే ఒక పిల్లాడు ఏడాదిలో ఎంత ఎదిగాడో తెలియదు కదా. వెనకబడిన పిల్లల్ని తీసుకుని ఏడాదిలో ఏడాదిన్నర చదువు చెప్పే స్కూలుకూ, ఏమీ చెప్పని స్కూలుకూ ఒకే తక్కువ మార్కు పడుతుంది. అన్యాయమయ్యేది మీలాంటి టీచర్లకే.

సుద్దముక్క:
ఆ సమస్య నిజమే, కాదనను. కానీ ఎదుగుదల చూడాలంటే సెప్టెంబరులో ఒక చిన్న టెస్టు, మేలో ఒకటి చాలు, మర్నాడే నా చేతికి ఫలితం వస్తుంది. దాన్ని రాష్ట్రానికి పంపమంటే పంపుతాను. నా జీతానికి ముడిపెట్టొద్దు.

కొండపల్లి:
మీరిద్దరూ కలిసి ఇంకో టెస్టు పెంచారు. నా ఓటు రాష్ట్రానికే.