సస్పెండ్ కాల్‌బ్యాక్ ఒక్కసారి ఫెయిల్ అయితే ఆ తర్వాత అన్నిటికీ మైనస్ 22 వస్తోంది, అసలు ఏ ఎర్రర్ కోడ్ రిటర్న్ చెయ్యాలి?

సెన్సార్_డ్రైవర్:
అందరికీ నమస్తే. లైనక్స్‌లో ఒక ఐ2సీ (చిప్‌లని కలిపే రెండు వైర్ల బస్) సెన్సార్‌కి డ్రైవర్ రాస్తున్నా. రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ పెట్టా, రెండు సెకన్లు ఎవరూ వాడకపోతే ఆటోసస్పెండ్‌లోకి వెళ్లాలి, ఎవరైనా రీడ్ చేస్తే లేవాలి, అంతే. బూట్ అయ్యాక అరగంట, ఒక్కోసారి గంట, చక్కగా పనిచేస్తుంది. తర్వాత ఉన్నట్టుండి ఏ రీడ్ చేసినా ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది, అంటే మైనస్ 22. ఇక ఎన్నిసార్లు ట్రై చేసినా అదే. మాడ్యూల్ తీసేసి మళ్లీ లోడ్ చేస్తే బాగైపోతుంది, ఇంకో అరగంటకి మళ్లీ మొదలు.

ఆర్గ్యుమెంట్ తప్పు అంటోంది కదా అని రెండు రోజులు అప్లికేషన్ వైపే చూస్తూ కూర్చున్నా, బఫర్ సైజు, ఆఫ్‌సెట్, ఓపెన్ ఫ్లాగ్స్ అన్నీ ప్రింట్ చేశా, పనిచేసినప్పటికీ చెయ్యనప్పటికీ ఒక్క బైట్ తేడా లేదు. చివరికి నా రీడ్ ఫంక్షన్‌లో ప్రింట్లు పెడితే ఆ 22 పీఎమ్ రన్‌టైమ్ గెట్ సింక్ (వాడే ముందు చిప్‌ని లేపే కెర్నల్ ఫంక్షన్) నుంచే వస్తోందని తేలింది. చిప్ పడుకుని ఉందా అంటే అదీ లేదు, మీటర్ పెట్టి చూశా, లేచే ఉంది, స్లీప్‌లో ఉంటే తీసుకోవాల్సిన కరెంట్ కంటే చాలా ఎక్కువ తీసుకుంటోంది.

నా సస్పెండ్ కాల్‌బ్యాక్, అంటే చిప్‌ని పడుకోబెట్టడానికి కెర్నల్ పిలిచే ఫంక్షన్, చిన్నదే. స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది, కన్వర్షన్ (సెన్సార్ కొలత తీసే పని) నడుస్తుంటే మైనస్ 1 ఇస్తుంది, లేకపోతే స్లీప్ కమాండ్ పంపి సున్నా ఇస్తుంది.

ఇంకో డౌట్ కూడా ఉంది. వేరే డ్రైవర్లు తెరిచి చూస్తే ఒకరు ఈబిజీ, ఒకరు ఈఎగైన్, ఒకరు ఈఐఓ, ఇంకొకరు ఈటైమ్‌డౌట్, ఎవరికి తోచింది వాళ్లు ఇస్తున్నట్టు కనిపిస్తోంది. దీనికి రూల్ ఏమైనా ఉందా, నెగెటివ్ అయితే చాలా?

బూట్‌లాగ్:
రూల్ ఉంది బ్రదర్, నీకు తగిలింది అదే. ముందు ఒక పని చెయ్యి, ఈసారి అది ఆగిపోయినప్పుడు మాడ్యూల్ తీసెయ్యకుండా సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ తన వివరాలు చూపించే /sys ఫోల్డర్) ఆ డివైజ్ కింద పవర్ ఫోల్డర్‌లో రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ చదువు. యాక్టివ్ అనో సస్పెండెడ్ అనో కాకుండా ఎర్రర్ అని ఉంటే నేను చెప్పబోయేది నీ కేసే.

రన్‌టైమ్ సస్పెండ్ కాల్‌బ్యాక్ ఇచ్చే నంబర్‌ని పీఎమ్ కోర్ (కెర్నల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ చూసుకునే భాగం) లాగ్‌లో పడేసి ఊరుకోదు, దాన్ని బట్టి నిర్ణయం తీసుకుంటుంది. ఈబిజీ (16) గానీ ఈఎగైన్ (11) గానీ వస్తే "ఇప్పుడు కుదరదు, తర్వాత చూద్దాం" అనుకుని డివైజ్‌ని యాక్టివ్‌గానే వదిలేస్తుంది. ఈ రెండూ కాకుండా ఇంకేం వచ్చినా ఆ డివైజ్ పాడైనట్టే లెక్క, రన్‌టైమ్ ఎర్రర్ అనే ఫీల్డ్‌లో ఆ నంబర్ రాసి పెట్టుకుంటుంది, అక్కడి నుంచి నువ్వు గెట్ (వాడటం మొదలు) చేసినా పుట్ (వాడకం అయిపోయింది) చేసినా నీ కాల్‌బ్యాక్ దాకా రాకుండానే ఈఇన్వాల్ (22) ఇచ్చి పంపించేస్తుంది. నీ మైనస్ 1 అంటే ఈపెర్మ్, పర్మిషన్ లేదని అర్థం, కన్వర్షన్ నడవటానికీ దానికీ ఏ సంబంధం లేదు. అరగంటకోసారి టైమర్ సరిగ్గా కన్వర్షన్ మధ్యలో పడుతోంది, ఆ ఒక్క మైనస్ 1 తో డివైజ్ లాక్ అయిపోతోంది. చిప్ మెలకువగా ఉన్నా రీడ్ కాకపోవడానికి కారణం అదే. అప్లికేషన్‌కి 22 కనిపించడం నీ డ్రైవర్ ఆ కోడ్‌ని అలాగే పైకి పంపడం వల్ల.

ఆ స్థితి నుంచి బయటికి రావాలంటే స్టేటస్‌ని నువ్వే పీఎమ్ రన్‌టైమ్ సెట్ యాక్టివ్ తోనో సెట్ సస్పెండెడ్ తోనో చెప్పాలి, అప్పుడే ఆ ఫీల్డ్ సున్నా అవుతుంది. మాడ్యూల్ మళ్లీ లోడ్ చేస్తే బాగవుతోంది అన్నావు కదా, ఆ దారిలో స్టేటస్ రీసెట్ అవుతోంది కాబట్టి.

సెన్సార్_డ్రైవర్:
అన్నా సరిగ్గా అదే! ఇప్పుడే ఆగింది, రన్‌టైమ్ స్టేటస్‌లో ఎర్రర్ అని ఉంది. అంటే కాల్‌బ్యాక్‌లో ఎక్కడ ఫెయిల్ అయినా ఈబిజీ ఇచ్చేస్తే సరిపోతుందా? ఐ2సీ రీడ్ ఫెయిల్ అయినా సరే?

రిజిస్టర్_మ్యాప్:
దయచేసి అలా చెయ్యకు. బస్ మీద చిప్ జవాబే ఇవ్వట్లేదు, కేబుల్ ఊడిపోయింది అనుకో, అప్పుడు కూడా ఈబిజీ ఇస్తే కోర్ దాన్ని మామూలు బిజీ అనుకుంటుంది, ఎర్రర్ అనే మాట ఎక్కడా పడదు, బ్యాటరీ ఎందుకు అయిపోతోందో ఎవరికీ అంతుపట్టదు. నిజంగా పాడైతే ఈఐఓ (5) నో ఈటైమ్‌డౌట్ (110) నో అలాగే పోనివ్వు, లాక్ అయితే అవ్వనివ్వు, అది చేసేది సరైన పనే. కన్వర్షన్ నడుస్తోంది లాంటి, కాసేపట్లో తీరిపోయే కారణాలకి మాత్రమే ఈబిజీ. ఈబిజీ ఇచ్చే ముందు మార్క్ లాస్ట్ బిజీ (డివైజ్‌ని ఇప్పుడే వాడారని టైమ్ రాసే ఫంక్షన్) పిలువు, ఆటోసస్పెండ్ టైమ్ ముందుకి జరిగి ఉంటేనే కోర్ తనంతట తాను మళ్లీ షెడ్యూల్ చేస్తుంది, లేకపోతే ఎవరో మళ్లీ గెట్, పుట్ చేసేదాకా ఆ చిప్ మెలకువగానే ఉండిపోతుంది.

ఈయాక్సెస్ (13) మాత్రం కాల్‌బ్యాక్ నుంచి ఎప్పుడూ ఇవ్వకు. రన్‌టైమ్ పీఎమ్ డిజేబుల్ అయి ఉందని చెప్పడానికి కోర్ ఆ నంబర్‌ని తన కోసం ఉంచుకుంది, నువ్వు ఇస్తే దాన్ని వేరే కోడ్‌గా మార్చి పైకి పంపుతుంది, నువ్వు ఇచ్చింది ఒకటి పైన కనిపించేది ఇంకొకటి అవుతుంది.

ఇంకోటి, నీ రీడ్ ఫంక్షన్ చూపించలేదు గానీ గెట్ సింక్ వాడుతున్నావు కాబట్టి అడుగుతున్నా, అది ఫెయిల్ అయినప్పుడు పుట్ నోఐడిల్ చేసి కౌంట్ దించుతున్నావా? గెట్ సింక్ ఫెయిల్ అయినా యూసేజ్ కౌంట్ (డివైజ్‌ని ఎంతమంది వాడుతున్నారనే లెక్క) పెరిగే ఉంటుంది. చాలామంది ఫెయిల్ అయింది కదా అని అక్కడే రిటర్న్ అయిపోతారు, ఆ కౌంట్ ఇక దిగదు. పైగా డివైజ్ అప్పటికే లేచి ఉంటే అది 1 ఇస్తుంది, సున్నా కాదు, కాబట్టి సున్నా కాకపోతే ఎర్రర్ అని చెక్ రాసినవాళ్లు బాగున్న డివైజ్‌ని కూడా తన్ని పంపేస్తారు. 5.10 కెర్నల్ నుంచి రెజ్యూమ్ అండ్ గెట్ అని ఉంది, సక్సెస్ అయితే ఎప్పుడూ సున్నా, ఫెయిల్ అయితే కౌంట్ తనే దించుతుంది. కొత్త కోడ్‌లో నేను అదే వాడతాను, ఈ ఒక్క ఫంక్షన్ వల్ల ఎన్ని ఎర్రర్ పాత్‌లు శుభ్రపడ్డాయో చెప్పలేను.

స్లీప్‌స్టేట్:
పైన చెప్పిందంతా రన్‌టైమ్ పీఎమ్ సంగతి, మొత్తం సిస్టమ్ స్లీప్ దారి వేరు, అక్కడ ఇదే నంబర్‌కి ఫలితం మారిపోతుంది. సిస్టమ్ సస్పెండ్‌లో ఏ ఒక్క డ్రైవర్ సస్పెండ్ కాల్‌బ్యాక్ సున్నా కాకుండా ఏది ఇచ్చినా మొత్తం స్లీప్ క్యాన్సిల్, అప్పటికే పడుకున్నవన్నీ మళ్లీ లేస్తాయి. చాలా డ్రైవర్లు సిస్టమ్ స్లీప్‌కి పీఎమ్ రన్‌టైమ్ ఫోర్స్ సస్పెండ్ పెట్టేసి ఊరుకుంటాయి, అది నీ రన్‌టైమ్ కాల్‌బ్యాక్‌నే పిలుస్తుంది, అంటే మూత వేసిన క్షణంలో నీ సెన్సార్ కన్వర్షన్‌లో ఉంటే ఆ ఈబిజీ వల్ల ల్యాప్‌టాప్ మొత్తం పడుకోదు. సిస్టమ్ స్లీప్‌కి విడిగా ఫంక్షన్ రాసి ముందు కన్వర్షన్ అయ్యేదాకా ఆగి, లేదా దాన్ని ఆపేసి, అప్పుడు ఫోర్స్ సస్పెండ్ పిలువు.

సున్నా కాకుండా ఏదైనా అన్నాను కదా, పాజిటివ్ కూడా అందులోకే వస్తుంది. నేనొకసారి రెండు రోజులు దీని మీదే పోగొట్టుకున్నా. సిస్టమ్ పడుకోదు, లాగ్‌లో ఫెయిల్డ్ టు సస్పెండ్, ఎర్రర్ 2 అని ఉంది. 2 అంటే ఈనోఎంట్ కదా అని ఏ ఫైల్ దొరకట్లేదో, ఏ ఫర్మ్‌వేర్ మిస్ అయిందో అని వెతుకుతూ ఉన్నా, ముందు మైనస్ లేదన్న సంగతి కంటికి ఆనలేదు. ఆఖరికి చూస్తే కాల్‌బ్యాక్ చివరి లైన్‌లో ఐ2సీ మాస్టర్ సెండ్ ఇచ్చిందాన్ని నేరుగా రిటర్న్ చేశారు. అది సక్సెస్ అయితే పంపిన బైట్‌ల సంఖ్య ఇస్తుంది. రెండు బైట్‌ల స్లీప్ కమాండ్ చక్కగా వెళ్లింది, ఆ రెండునే కోర్ ఎర్రర్‌గా తీసుకుంది. నీ స్లీప్ కమాండ్ లైన్ కూడా ఒకసారి చూసుకో.

ఇలా స్లీప్ ఆగినప్పుడు సిస్‌ఎఫ్ఎస్‌లో పవర్ కింద సస్పెండ్ స్టాట్స్ చూడండి, చివరగా ఫెయిల్ అయిన డివైజ్ పేరు, ఎర్రర్ నంబర్, ఏ స్టెప్‌లో ఆగిందో మూడూ అక్కడ ఉంటాయి.

బూట్‌లాగ్:
మంచి పాయింట్. చిప్‌లో ఆ ఫీచరే లేనప్పుడు ఇచ్చే కోడ్ గురించి కూడా ఒక మాట. కెర్నల్‌లో ఈనాట్‌సప్ (524) అని ఒకటి కనిపిస్తుంది, అది కెర్నల్ లోపలి నంబర్, యూజర్ స్పేస్‌కి తెలీదు, అప్లికేషన్ దాకా పోతే అన్‌నోన్ ఎర్రర్ 524 అని చూపిస్తుంది. ఈఆప్‌నాట్‌సప్ (95) వాడండి. ఈనోసిస్ (38) అయితే అసలు ఆ సిస్టమ్ కాలే లేదని చెప్పడానికి, డ్రైవర్‌లో కొత్తగా రాయకూడదు. ఈనాట్‌సప్, ఈనోసిస్ రెండిటికీ చెక్‌ప్యాచ్ (కెర్నల్ కోడ్‌ని తనిఖీ చేసే స్క్రిప్ట్) కూడా వార్నింగ్ ఇస్తుంది. కాకపోతే కెర్నల్‌లో పీఎమ్ ఆప్షన్ ఆఫ్ చేసి బిల్డ్ చేస్తే పీఎమ్ రన్‌టైమ్ పుట్ లాంటివే ఈనోసిస్ ఇస్తాయి, కాబట్టి పుట్ రిటర్న్ వాల్యూని పట్టుకుని ప్రోబ్ (డివైజ్‌ని డ్రైవర్ మొదలుపెట్టే ఫంక్షన్) ఫెయిల్ చెయ్యొద్దు.

సెన్సార్_డ్రైవర్:
అందరికీ చాలా థాంక్స్. మైనస్ 1 తీసేసి మార్క్ లాస్ట్ బిజీ, ఈబిజీ పెట్టా, రిజిస్టర్ రీడ్ ఫెయిల్ అయితే వచ్చిన కోడ్‌ని అలాగే పంపుతున్నా. రాత్రంతా రన్ చేశా, ఒక్క 22 కూడా రాలేదు. రిజిస్టర్_మ్యాప్ గారు అడిగింది కూడా నిజమే, నా రీడ్ ఫంక్షన్‌లో ఫెయిల్ అయితే నేరుగా రిటర్న్ ఉంది. మార్చకముందు పాత మాడ్యూల్ ఆగిపోయినప్పుడు రన్‌టైమ్ యూసేజ్ చూస్తే 7 ఉంది, ఎవరూ డివైజ్ ఓపెన్ చేసి కూడా లేరు, సరిగ్గా ఏడుసార్లు రీడ్ ట్రై చేశా. రెజ్యూమ్ అండ్ గెట్‌కి మారాక రీడ్ అయిన వెంటనే 0 కి దిగుతోంది. స్లీప్ కమాండ్ లైన్ బాగానే ఉంది, రిటర్న్ వాల్యూ నెగెటివా కాదా అని చూసి విడిగా సున్నా ఇస్తున్నా. ఫోర్స్ సస్పెండ్ మాత్రం నేనూ నేరుగానే పెట్టా, ఇవాళ దాని ముందు కన్వర్షన్ ఆపే ఫంక్షన్ రాసి, కన్వర్షన్ నడుస్తుండగానే సిస్టమ్‌ని వందసార్లు స్లీప్‌లోకి పంపి చూసి ఇక్కడే చెప్తా.